నజియా కుట్టిన ఇప్పపూల పుస్తకం

జూలూరుపాడు మెయిన్ రోడ్డు మీద ఎవరినన్నా ఆపి నజియా దుకాణం ఏదని అడగండి. దుకాణం ఆమెది కాదు, అన్న ముదస్సిర్‌ది, అది జిరాక్సు దుకాణం అని ముందుగాల మిమ్మల్ని సవరిస్తరు. తర్వాత, ఓ, ఆ డైరీలు కుట్టే పిల్లనా, లోపల మూలకు బల్ల కాడ ఉంటది పొండి అని చూపిస్తరు. ఈ ముచ్చటంత ఆ మూల గురించే.

ఆ మూల అసలు వాళ్ల అబ్బా ఇబ్రహీంది. ఒకప్పుడు చుట్టుపక్కల ఆఫీసుల రిజిస్టర్లు, బడుల హాజరు పట్టీలు, మసీదు కితాబులు అన్నీ ఆయన చేతుల్లనే జిల్దు, అంటే బైండింగు, కట్టించుకునేటివి. కంప్యూటర్లు వచ్చినయి, రిజిస్టర్లు పోయినయి. ఆయన కండ్లల్ల శుక్లాలొచ్చినయి, పని పోయింది. మిగిలినయి ఒక బల్ల, నాలుగు దబ్బనాలు, ఒక శికంజా. శికంజా అంటే మరేం లేదు, రెండు మోటు చెక్కల నడుమ పుస్తకం పెట్టి మర తిప్పి బిగించేది. నేలకు బోల్టులేసి ఉంటది, దాన్ని కదిలిస్తే గచ్చు పగులుతది. పని లేకున్నా ఇబ్రహీం రోజూ వచ్చి దాని పక్కన స్టూలేసుకుని కూసుంటడు. కూసుంటే ఏమొస్తదని కొడుకు విసుక్కుంటడు. ముసలాయనకు ఏమొస్తదో ముసలాయనకే ఎరుక.

నజియా డిగ్రీ చదివి, ఇంట్ల కూసోని గోడలు చూడలేక ఆ బల్ల కాడికి వచ్చింది. అబ్బా దగ్గర కుట్టుడు నేర్చుకున్నది. రిజిస్టర్లు ఎవరికి కావాలె ఇప్పుడు? అందుకని తెల్ల కాగితాల నోటుబుక్కు కొని, దాని కుట్లు ఇప్పి, ఎవరికి తగ్గట్టు వాళ్లకు గీతలు గీసి, మళ్ల గట్టిగ కుట్టి ఇచ్చుడు మొదలుపెట్టింది. బజార్ల దొరికే డైరీ అందరికి ఒక్క తీరుగనే ఉంటది, అందరి రోజులు ఒక్క తీరుగ ఉంటయా అని ఆమె వాదన. టైలర్ రమణకు పేజీకో జాకెట్ బొమ్మ వేసి, కొలతలు రాసుకునే జాగా పెట్టి, కింద పెండ్లి ముహూర్తం గడి పెట్టింది. ఇగ రమణ ఆ పుస్తకం లేకుంట కత్తెర పట్టడు. షుగరున్న రిటైర్డు సారుకు గోళీల గడులు పెట్టింది. ఎవరొచ్చినా ఆమె చెప్పే మాట ఒక్కటే.

"నీ రోజు ఎట్ల గడుస్తదో చెప్పు. గీతలు నేను గీస్త."

పొగరా అంటే పొగరే. కానీ చేతిల పని ఉన్న పొగరు, దాన్ని మనం ఏం అంటం! ఎనిమిదేసి కాగితాలను మడత పెట్టి జుజ్‌లు చేస్తది. జుజ్ అంటే ఒక మడత కట్ట, అబ్బా నేర్పిన మాట. మైనం రాసిన దారంతోని ఒక్కో జుజ్‌ను పక్కదానికి ముడేసుకుంట పోతది. మైదా గంజిల ఇంత మైలుతుత్తం కలిపి అట్ట అంటిస్తది, పురుగు పట్టదు. ఆఖరుకు శికంజాల బిగిస్తది. మర్నాడు మర ఇప్పితే పుస్తకం ఏ పేజీ కాడ తెరిస్తే ఆ పేజీ కాడ చదునుగ పడుకుంటది, మళ్ల లేవదు.

ఇంత మంచిగుంటే కథేముంది? ముదస్సిర్‌కు ఆ మూల కావాలె. ఫోన్ల కవర్లు, చార్జర్లు పెట్టే అద్దాల కౌంటరు పెడుతనన్నడు, ఆర్డరు కూడా ఇచ్చిండు. చెడ్డోడు కాదు, ఇల్లు నడిపేది ఆయనే. అప్పుడొకటి ఇప్పుడొకటి డైరీ కుడితే దుకాణం కిరాయి ఎట్ల ఎల్తది అని అడిగిండు. ఒక్క పెద్ద పని తెచ్చుకో, కౌంటరు జిరాక్సు మిషను పక్కన ఇరికిస్త, లేకుంటే ఈద్ అయినంక శికంజా బోల్టులు ఇప్పిస్త అన్నడు. అబ్బా ఆ మాట ఇన్నడు. మర మీద చెయ్యి పెట్టి కూసున్నడు. నజియా ఊకుంటదా? పెద్ద పనే కదా, తెస్త చూడు అన్నది.

తెచ్చింది కూడా. ములకలపల్లి అవతల అడివంచు ఊరి నుంచి నాగక్క అని ఒకామె వచ్చింది. ఇప్పపూలతోని లడ్డూలు చేసి భద్రాచలం దాకా అమ్మే ఆడోళ్ల సంఘానికి ఆమె పెద్ద. ఎవరు ఏ పని ఎప్పుడు చెయ్యాలెనో ఒక పుస్తకంల ఉంటే కొట్లాటలు తప్పుతయి, మాది మంచిగ కుదిరితే చుట్టూ ఊర్ల సంఘాలన్నీ తలొకటి తీసుకుంటయి అన్నది. మా ఏడు జనవరిల మొదలు కాదు బిడ్డా, ఇప్పపువ్వుతోని మొదలైతది అని కూడా చెప్పింది. నజియా సంబురపడి అంతా రాసుకున్నది. ముందు ఇప్పపూల పండుగ, వాళ్ల మాటల పండుం, అది అయినంకనే పువ్వు ఏరుడు, ఎండబెట్టుడు, ఏంచుడు, బెల్లం పాకం, సంతలు. తర్వాత తునికాకు, దాని తర్వాత విత్తనాలు. పోయిన ఏడు పండుగ ఎప్పుడైందక్కా అని అడిగింది. నాగక్క ఆలోచించి చెప్పింది.

అందరి ఇండ్లకు పోయి వాళ్ల రోజు చూసొచ్చే పిల్ల, ఈ ఒక్కదానికి పోలే. రంజాన్ ఉపాసం, రోజా ఉన్నది, దూరం ఉన్నది, టైం లేదు. పోయిన ఏటి దినాన్నే పట్టుకుని, ఈ ఏటి క్యాలెండర్ల దానికి సరిపడే తేదీ వెతికి, మొదటి జుజ్‌ల ఎర్ర సిరాతోని అందంగ ఇప్పపూల పండుగ అని రాసింది. మిగిలిన పనులన్నిటికి ఆ తేదీ నుంచే వరసగ తేదీలు వేసుకుంట పోయింది. మార్జిన్ల ఇప్పపూల బొమ్మలు గీసింది. అబ్బా వేళ్లతోని కుట్లు తడిమి చూసి, నాకంటె మంచిగ కుట్టినవ్ అన్నడు. ఇగ ఆ పిల్ల కాళ్లు నేల మీద ఉంటయా?

రంజాన్ ఆఖరు రోజులల్ల, రోజా ఉండి, కొత్తగూడెం మీంచి పాల్వంచ దాటి, బస్సు దిగి ఆటో ఎక్కి తానే పోయి ఇచ్చింది. నాగక్క ఇంటి ముందు పందిట్ల సంఘం ఆడోళ్లు చుట్టూ మూగిండ్రు. నీళ్లు ఇస్తె వద్దన్నది, రోజా అని తెలుసుకుని నీడల చాప ఏసిండ్రు. అట్ట నిమిరిండ్రు, బొమ్మలు చూసి నవ్విండ్రు. నాగక్క మొదటి జుజ్ తెరిచింది. ఎర్ర అక్షరాల కాడ ఆమె వేలు ఆగింది. పక్కామెకు వాళ్ల భాషల ఏదో చెప్పింది. నవ్వులు ఆగిపోయినయి. పుస్తకం మూసి చాప మీద పెట్టింది, ఒళ్లో పెట్టుకోలే.

"పండుం ఏ రోజో పెద్దలు కూసోని చెప్పాలె బిడ్డా. వాళ్లు చెప్పకముందే నువ్వు రాసినవ్. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టున్నది."

ఊరి పెద్ద సీతయ్యను పిలిచిండ్రు. ఆయన కోపం చెయ్యలే, అదే ఇంకా కష్టమనిపించింది నజియాకు. పువ్వు ఎట్ల రాలుతున్నది, ఊర్ల ఎవరింట్ల చావు ముట్టున్నది, ఎవరు దూరం పోయిండ్రు, ఇయ్యన్ని చూసి దినం పెడతమని నెమ్మదిగ చెప్పిండు. పండుగ కాకుంట ఆ ఊర్ల ఎవ్వరూ కొత్త పువ్వు ఇంట్లకు తేరు. ముందే దినం రాసి పెట్టిన పుస్తకం కూడా ఇంట్ల పెట్టుకోరు. తీసుకపో బిడ్డా, నీ కష్టం ఊరికే పోవద్దు, మావోళ్లు ముందుగాల ఇచ్చిన పైసలు ఉంచుకో అన్నడు.

బస్సుల కూసున్న నజియాకు మొదలు వాళ్ల మీదనే కోపమొచ్చింది. ఒక్క తేదీ, కొట్టేసి పక్కన రాసుకోవచ్చు కదా! పాల్వంచ దాటేటాలకు, ఒక్క తేదీ కాదు, దాని ఎంబడి పెట్టిన తేదీలన్నీ తప్పేనని అర్థమైంది. కొత్తగూడెం దాటేటాలకు ఏడుపొచ్చింది. అన్నకు ఏం చెప్పాలె? శికంజా కాడ కూసున్న ముసలాయనకు ఏం చెప్పాలె? అంతకుముందు ఎన్నడూ ఆ పిల్ల అట్ల తల దించుకుని ఇల్లు చేరలే.

రెండు దినాలు బల్ల కాడికి పోలే. ఇరవై తొమ్మిదో రోజా నాడు పొద్దుగుంకుతుంటే వాడకట్టంత మేడలెక్కింది, చంద్రుడి కోసం. అమ్మీ కింద నుంచే కేకేస్తున్నది, సేమియా నానబెట్టాల్నా వద్దా అని. పడమట సన్న మబ్బు. ఒకరు కనబడ్డదంటరు, ఒకరు లేదంటరు. ముదస్సిర్ ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నడు. ఆఖరుకు మసీదు మైకుల చెప్పిండ్రు, ఇయ్యాల కనబడలే, రేపు కూడా రోజానే.

నజియా కిందికి దిగింది. వంటింట్ల గోడకు అమ్మీ కోసం ఆమె కుట్టిన డైరీ ఏలాడుతున్నది. దాంట్ల ఈద్ రాయాల్సిన చోట రెండు గడులు ఖాళీగ వదిలి, రెండిటి మీద పెన్సిలుతోని సన్నగ నెలవంక గీసి ఉన్నది. ఎవరు గీసింది? తానే గీసింది. చంద్రుడు కనబడకముందు ఈద్ ఫలానా రోజని సిరాతోని రాసుడు ఈ ఇంట్ల ఏనాడన్నా ఉన్నదా? లేదు. ఎవరూ చెప్పకున్నా ఆమె చెయ్యికి ఆ మర్యాద తెలుసు. తన పండుగ కాడికి వచ్చేటాలకు పెన్సిలు, వాళ్ల పండుగ కాడికి పొయ్యేటాలకు ఎర్ర సిరా. సిగ్గుతోని చెవులు కాలినయి. ఆ ఎంబడే ఫక్కున నవ్వింది, ఎందుకంటే ఏం చెయ్యాల్నో తెలిసిపోయింది.

మర్నాడు దుకాణంల కుట్లన్నీ ఇప్పింది. ఎర్ర సిరా జుజ్ తీసి పక్కన పెట్టింది. కొత్త జుజ్ మొదటి పేజీ మీద పనుల పేర్లు మాత్రమే వరసగ రాసింది, ఒక్క తేదీ కూడా వెయ్యలే. ఆ పేజీ అంచుకు పైన ఒకటి కింద ఒకటి చీలికలు కోసి, వాటి నడుమ నుంచి సన్నటి అట్టపట్టీ దూర్చింది. తేదీలన్నీ ఆ పట్టీ మీద ఉంటయి. పట్టీని పైకి జరిపితే తేదీలు జరుగుతయి, కిందికి లాగితే దిగుతయి. పండుగ ఏనాడని తేలితే ఆ తేదీని మొదటి గడి పక్కకు తెస్తే చాలు, ఏరుడు, ఎండబెట్టుడు, ఏంచుడు అన్నీ వాటంతటవే తమ తేదీల ఎదురుగ నిలబడతయి. పనులు కదలవు, తేదీలు కదులుతయి. ఇబ్రహీం పట్టీని పట్టి అటూ ఇటూ జరిపి, చూపు సరిగ ఆనకున్నా నవ్విండు. పుస్తకాన్ని శికంజాల తానే బిగించిండు.

ఈద్ అయిన రెండో నాడు డబ్బాల సేమియా పట్టుకుని మళ్ల ఊరికి పోయింది. ఈసారి తల దించుకుని కాదు, నిటారుగనే పోయింది. పందిట్ల అందరి ముందు తప్పు నాదేనని ఒప్పుకున్నది, పుస్తకం తెరిచి సీతయ్య ముందు పెట్టింది. మొదటి గడి తెల్లగ ఉన్నది. దాని మీద వేలు పెట్టి, ఇక్కడ ఏం రాయలేదేంది అని అడిగిండు ఆయన.

"అది రాసే చెయ్యి నాది కాదు తాతా. మా పండుగను కూడ నేను రాయను. చంద్రుడు కనబడాలె, పెద్దలు చెప్పాలె. మీది మీరు చెప్పినంకనే."

సీతయ్య ఆమె మొహం దిక్కు చూసిండు. మీకు కూడా గట్లనేనా అన్నడు. అవ్ తాతా, మొన్న ఒక్క మబ్బు తునకకు మా వాడకట్టంత ఇంకో రోజు పస్తున్నది అన్నది. ముసలాయన పండ్లు కనబడేటట్టు నవ్విండు. నాగక్క పుస్తకం తీసుకుని ఒళ్లో పెట్టుకున్నది.

అయినా ఆర్డరు ఇస్తమని ఎవరూ అనలే. పండుగ కానియ్యి, పట్టీ పనికొస్తదో లేదో చూస్తం అన్నరు. న్యాయమే, ఎవరన్నా అట్లనే అంటరు. కానీ ముదస్సిర్ కౌంటరు ఆగదు కదా.

అది వచ్చిన రోజు పొద్దున ఇద్దరు పనోళ్లు దాన్ని దించి, పానా తీసుకుని శికంజా కాడికి వచ్చిండ్రు. ఇబ్రహీం స్టూలు మీంచి లేచి పక్కకు జరిగిండు. చెయ్యి మాత్రం మర మీది నుంచి తియ్యలే. కొంచెం జరుగు అబ్బా అని ముదస్సిరే అన్నడు. అప్పుడే నజియా ఫోన్ మోగింది. మొదలు ఒక ఫోటో వచ్చింది. తెల్ల గడిల పచ్చగ పసుపు బొటనవేలి ముద్ర, పక్కన ఆ నాటి తేదీకి జరిపిన పట్టీ. ఫోటో ఎంబడే నాగక్క కాల్. నజియా స్పీకర్ పెట్టి బల్ల మీద పెట్టింది.

"పండుం మంచిగైంది బిడ్డా. సీతయ్య ముద్రేసిండు. పక్క ఊర్ల సంఘాలోళ్లు కూడా చూసిండ్రు, ఊరికొకటి కుట్టియ్యాలె. మొదటి గడి మాత్రం ఖాళీగనే ఉండాలె, మర్చిపోకు."

 పానా పట్టుకున్న పనోడు ముదస్సిర్ దిక్కు చూసిండు. ముదస్సిర్ అద్దాల కౌంటరును జిరాక్సు మిషను పక్కన ఇరికించమన్నడు. ఇబ్రహీం మళ్ల స్టూలు మీద కూసున్నడు, కండ్లు తుడుసుకున్నడు. శుక్లాల నీళ్లని అందరం అనుకుందాం.

మాట తిప్పుదామని ముదస్సిర్ పెన్సిలు తీసి, మరి ఇన్ని పుస్తకాలు ఎప్పటికి ఇస్తమని చెప్పాలె, అది కూడా పెద్దలే చెప్పాల్నా అని ఎకసక్కెం ఆడిండు. నజియా అప్పటికే దబ్బనంల దారం ఎక్కిస్తున్నది. తలెత్తకుంటనే తారీఖు చెప్పింది.

"పెన్సిలు కాదు భయ్యా. ఇది నా చేతి పని, సిరాతోని రాసుకో."