చిప్ తీసినా వెలిగిన దీపం

ఎవరు దయ్యం సంగతి మొదలుపెట్టినా, "ముందు వైరింగ్ చూపించారా?" అని అడిగే మనిషిని నేను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చెప్పేదాన్ని. దయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. జరిగింది మాత్రం చెబుతాను.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. ఎల్‌బీ నగర్ దగ్గర ఒక కాలనీలో కింది పోర్షన్‌లో కిరాయికి ఉండేవాళ్లం. నా పెళ్లయిన కొన్నేళ్లకు పెద్ద జ్వరం వచ్చి మా అత్తమ్మకు చెవులు పూర్తిగా పోయాయి. పెదవులు చూసి మాట పట్టుకునేది. తలుపు కొడితే తెలిసేది కాదు. అందుకే ఆమె మంచం ఎదురుగా చిన్న ఎర్రదీపం పెట్టి, గుమ్మం బయట బటన్ బిగించాను.

దాని వెనక ఉన్నది ఒక టైమర్ చిప్. మోనోస్టేబుల్ మల్టీవైబ్రేటర్ అంటారు. మామూలుగా అది ఆఫ్‌లోనే ఉంటుంది. బటన్ ఇలా తాకితే చాలు, దీపం వెలిగిస్తుంది. అప్పటి నుంచి ఒక కెపాసిటర్ మెల్లగా ఛార్జి అవుతుంది. అది ఒక మట్టానికి చేరగానే చిప్పే దీపం ఆర్పేస్తుంది. ఎంత చిన్నగా నొక్కినా వెలిగేది అంతసేపే. మళ్లీ ఎవరో ఒకరు నొక్కాలి. దానంతట అది మొదలుపెట్టదు.

ఆ రోజు బంద్. హయత్‌నగర్ వెళ్లిన మా ఆయన చౌరస్తాలో రాస్తారోకో వల్ల తిరిగి రాలేకపోయాడు. పైన ఉండే ఇంటివాళ్లు ఊళ్లో లేరు. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక దీపం వెలిగింది. వెళ్లి తలుపు తీశాను. ఎవరూ లేరు. గేటుకు వేసిన గొళ్లెం వేసినట్టే ఉంది. దూరంగా నినాదాలు మాత్రం వినిపిస్తున్నాయి.

తలుపు వేసి లోపలికి వచ్చేసరికి దీపం ఆరిపోయింది. వెంటనే మళ్లీ వెలిగింది.

పొడుగు వైరు కదా, పక్కన ఏ మోటారు వేసినా ఆ కుదుపుకు చిప్ మోసపోవచ్చు. బటన్ వైరు ఊడదీశాను. అయినా వెలిగింది. ఈసారి దీపానికి కరెంటిచ్చే ప్లగ్ పీకేసి, చిప్‌ను కూడా తీసి గుప్పిట్లో పెట్టుకున్నాను.

దీపం వెలిగింది. ఎప్పటిలాగే కాసేపుండి ఆరింది. మళ్లీ వెలిగింది.

అప్పుడు అత్తమ్మ మంచం మీంచి లేచింది. ఆమె దీపం వైపు చూడటం లేదు. తల పక్కకు వంచి, దేన్నో వింటోంది.

"ఒస్తున్న బిడ్డా, ఒస్తున్న" అంటూ తలుపు దగ్గరికి నడిచింది.

పరుగెత్తి వెనక నుంచి వాటేసుకున్నాను. "వద్దత్తమ్మా" అంటున్నాను, కానీ నా పెదవులు ఆమెకు కనబడవు. "ఇడువు నన్ను! ఇడువు!" అని పెనుగులాడింది. సన్నటి మనిషి, అంత బలం ఎక్కడిదో. ఆ సమయంలోనే ఎవరో బయటి నుంచి భుజంతో నెట్టినట్టు తలుపు ఒక్కసారి కదిలింది. నేను కళ్లు మూసుకున్నాను.

తెరిచేసరికి దీపం ఆరి ఉంది. ఇక వెలగలేదు. అత్తమ్మ కింద కూలబడి ఏడుస్తోంది.

పొద్దుగూకాక మా ఆయన వచ్చాడు. "ఏదో షార్ట్ అయ్యుంటది, పరేషాన్ గాకు" అన్నాడు. పీకిన ప్లగ్గు, చిప్పు చూపిస్తే లేచి వెళ్లి తలుపు గొళ్లెం వేసి వచ్చాడు.

మర్నాడు అత్తమ్మ నేనిచ్చిన చాయ్ ముట్టుకోలేదు. ఎదురుగా కూర్చుని, "నిన్న ఎవలు పిలిచిన్రు అత్తమ్మా?" అని అడిగాను.

నా మొహంలోకి పరీక్షగా చూసింది.

"నువ్వే గద పిలిచినవ్. అత్తమ్మా, తలుపు తియ్యి, లోపలున్నది నేను కాదు అన్నవ్. నీ గొంతు నాకు ఎరుక లేదా?" తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "మరి నన్ను పట్టుకున్నది ఎవలు?"

నేనే అంటే నమ్మేలా లేదు.

బటన్ వైరు ఊడదీసే వరకు జరిగినదానికి నా దగ్గర కారణాలున్నాయి. ఆ తర్వాతి దానికి ఒక్కటీ లేదు, ఈనాటికీ లేదు. అత్తమ్మ ఆ వారమే ఆడబిడ్డ ఇంటికి వెళ్లిపోయింది. చూడటానికి వెళితే బాగానే మాట్లాడేది. కానీ నాతో ఒక్క గదిలో ఒంటరిగా మాత్రం ఎన్నడూ ఉండలేదు.