అడితి చాచా నమ్మిన చెట్టు

అడితి చాచా పోయాడని తమ్ముడు ఫోన్ చేశాడు. "పొద్దుగాల నమాజుకు లేచిండంట. కూసున్నకాడనే ఒరిగిండు. జర జల్ది రా అక్కా, నాయన ఎవలతోని మాట్లాడ్తలేడు" అన్నాడు. నేను హైదరాబాదు నుంచి బల్మూర్ చేరేసరికి జనాజా వెళ్లిపోయింది. ఆడవాళ్ల మధ్య చాచీ పక్కన కూర్చున్నాను. ఆమె నా చేయి వదలకుండా, "మొండోడు బిడ్డా. ఒద్దన్న పనే చేసిండు ఆఖరిదాంక" అన్నది. అదేం పనో అక్కడున్న అందరికీ తెలుసు.

మా ఇంటికి ఎదురుగానే ఆయన కట్టెల అడితి. సర్కారు నల్లమలలో కొంత కొంత అడవిని వేలం వేసి నరికించే రోజుల్లో టేకు, నల్లమద్ది దుంగలు కొని కోయించేవాడు. ఊళ్లో సగం తలుపులు ఆయన అడితిలోంచి వచ్చినవే. దుంగను రంపానికి ఎక్కించే ముందు దాని మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడేవాడు. "ఏం జేస్తున్నవ్ చాచా?" అని చిన్నప్పుడు అడిగాను. "మాఫీ అడుగుతున్న బేటీ. పైసలిచ్చి కొన్నంక అడుగుతున్న గదా, ఇస్తదో ఇయ్యదో" అని నవ్వాడు.

వేలం పాటలు ఆగిపోయాక దొంగదుంగలు వచ్చేవి. ఆయన వాటిని ముట్టలేదని చాచీ అంటుంది. కొన్నాళ్లు కొన్నాడని నాయన అంటాడు. నిజమేదో నాకు తెలియదు. మనిషిని ప్రేమించడానికి అది తెలియాలా అన్నదీ తెలియదు.

ఆ తర్వాతే ఊళ్లోకి జామాయిల్ నారు వచ్చింది. నీలగిరి అని కూడా అంటారు, కాగితం మిల్లులకు పోయే చెట్టు. చాచా మా అరుగు మీద కూర్చొని నాయనను వదల్లేదు.

"చేన్ల చెట్టుంటే అడివిల గొడ్డలెందుకు వడ్తది తమ్మీ? పెట్టు. కలుపు లేదు, మేక గూడ ముట్టదు గాబట్టి కావలి లేదు, వానకు మొగులు దిక్కు చూసుడు లేదు."

"నువ్వు కట్టెలమ్మెటోడివి భాయ్, నీకు ఏడ జూసినా చెట్టే కనవడ్తది. పల్లి చేన్ల చెట్లేంది?"

"పల్లి నిన్ను సాకుతున్నదా మరి? ఏడాదికోసారి మొగులును తిట్టుడేనాయె."

నాయన నవ్వాడు. నాటాడు. ఆయన్ను చూసి పక్క చేన్లవాళ్లూ నాటారు. ఆ మాటల్లో వ్యాపారి ఆశ ఎంతో, నరికించిన అడవి పట్ల బాధ ఎంతో ఎన్నిసార్లు ఆలోచించినా విడదీయలేకపోయాను. రెండూ ఉండి ఉంటాయి. కానీ నమ్మి చెప్పాడు, అది మాత్రం నేను చూశాను.

మొదటి కోతకు నాలుగు రూపాయలు వచ్చిన మాట నిజం. తర్వాత అందరి చేన్లలోనూ అదే చెట్టు కావడంతో ధర పడిపోయింది. మా బావి ఎండింది. అవి కరువు సంవత్సరాలు కూడా, తప్పంతా చెట్టుదే అని నేను చెప్పలేను. అయితే ఎవరూ లెక్కలోకి తీసుకోని సంగతి ఇంకొకటి ఉంది. కలుపు లేదంటే కలుపు కూలి లేదని. పల్లి చేన్లలో వంగి పాటలు పాడుకున్న ఆడవాళ్లలో కొందరు మొగుళ్ల వెంట బొంబాయి వలసపోయారు. ఉన్నవాళ్లు అడవి దారి పట్టారు.

ఒక ఎండాకాలం సెలవులకు వచ్చి అరుగు మీద కూర్చొని ఉన్నాను. మా చేన్లో కలుపు గుంపుకు పెద్దగా ఉండిన ఆమె, మరికొందరితో కట్టెల మోపులు దించి అడితి ముందు ఆగింది.

"సాయిబూ, కట్టెలు గావాల్నా?"

"ఏడియివి?"

"ఏడియుంటయ్? గుట్ట మీదియి. పచ్చియే. ఎండినయి ఎప్పుడో ఒడిసినయ్."

"అడివి కొట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలె మీకు?"

"చెప్తవ్. నీ చెట్టు మా కలుపు పని మింగె. ఇగ కడుపు మాడ్చుకొని నీ అడివికి కావలుండాల్నా? కొంటె కొను, లేకుంటె నెత్తికెత్తు. హోటలోనికి అమ్ముకుంట."

మిగతావాళ్లు పకపకా నవ్వారు. చాచా ఆ మోపు వైపే చూశాడు. అన్నీ చేతి మణికట్టంత లావు నల్లమద్ది పిల్లచెట్లు, కొన్నిటికి ఆకులు కూడా రాలలేదు. ఆయన కొనలేదు. వంగి, మోపు ఎత్తి ఆమె తల మీద పెట్టాడు. అరచెయ్యి కాసేపు అక్కడే ఉండిపోయింది.

ఆ సాయంత్రమే నాయన దగ్గరికి వచ్చాడు. "తీసేద్దం తమ్మీ. పల్లి ఎయ్యి మల్ల. ఆళ్లు పనికొస్తరు."

"కొడ్తె మల్ల మొలుస్తది భాయ్. మొద్దులు తీయాలంటె మిషిన్ పెట్టాలె. నాతోని అయితదా?"

చెట్లయితే కొట్టించారు. మొద్దులు మిగిలాయి. ఇక చాచా రోజూ అడితి మూసి, గడ్డపార భుజాన వేసుకొని మా చేనికి పోవడం మొదలుపెట్టాడు. వేర్లు రాతిని కరుచుకొని ఉండేవి. చాచీ తిట్టింది, నాయన బతిమాలాడు.

"ఊరోళ్లు నవ్వుతున్నరు భాయ్."

"నవ్వనీ. మొలిపిచ్చుడు అల్కగనే ఉండె తమ్మీ. పీకుడు గిట్లుంటదని నాకెవడన్న చెప్పిండా?"

ఒక మూల మాత్రం మొద్దులు లేకుండా తేలింది. మొన్నటి తొలకరికి నాయన అక్కడ పల్లి వేశాడు. ఆ మూలకు ఒక్క మనిషి కలుపు చాలు. ఆ గుంపు పెద్దే వచ్చింది. గట్టు మీద కూర్చొని ఆమె వంగి లేవడం చాచా చూస్తుండేవాడట. ఆ ఒక్క మనిషి పని చూసుకొని సంతోషపడ్డాడో, రాని మిగతావాళ్లను లెక్కపెట్టుకున్నాడో.

మట్టి ఇచ్చిన మర్నాడు నాయన నన్ను చేనికి తీసుకుపోయాడు. ఒక మొద్దు చుట్టూ చాచా సగం తవ్విన గుంట అట్లాగే ఉంది. వేర్లు బయటపడి ఆరిపోతున్నాయి. గుంట ఒడ్డున ఆ కలుపు గుంపు పెద్ద నిలబడి ఉంది, చుట్టూ ఆమె మేపుకొస్తున్న మేకలు. "ఇంగ జరంతనే ఉండె" అన్నది నాయనతో. ఒక మేక గుంటలోకి దిగి, మొద్దు అంచున నీలంగా మొలిచిన లేత చిగుళ్లను వాసన చూసింది. ముట్టకుండా పైకెక్కి వచ్చేసింది.