అప్ప ఖాళీగా ఉంచమన్న పేజీ

మా మిల్లు మందుల గది అప్ప పోయిందని శుక్రవారం పొద్దున్న తెలిసింది. నేను సంచులు కుట్టే మిషను దగ్గర ఉండగా వాళ్ల అమ్మాయి ఫోన్ చేసింది. "టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కాసేపు నడుం వాలుస్తానంది పిన్నీ. మరి లెగలేదు" అంది. ఏడుపు రాకముందు నాకు వచ్చిన మొదటి ఆలోచన ఇది: అమ్మయ్య, ఇంక అడగదు. దేవుడు నన్ను క్షమించాలి.

ఏడేళ్లుగా ఆమె కనిపించిన ప్రతిసారీ నన్ను అడిగింది ఒక్కటే. "రాసినావా?" గజపతినగరం సంతలో వంకాయలు ఏరుకుంటూ అడిగింది. మా అమ్మాయి పెళ్లిలో, పాస్టరు గారు ఆశీర్వాదం చెబుతుంటే, వెనక బల్ల నుంచి నా వీపు మీద తట్టి అడిగింది. కంటి ఆపరేషను చేయించుకుని కళ్లకు గుడ్డ కట్టుకుని పడుకున్నప్పుడు పళ్లు పట్టుకుని చూడ్డానికి వెళ్తే, నా అడుగుల చప్పుడు గుర్తుపట్టి మరీ అడిగింది. ఇంత విసిగించిన మనిషిని నేను మరొకరిని ఎరగను.

ఆమె పోయాక కూడా నేను రాసేదాన్ని కాదేమో. మూడో రోజున మిల్లు గేటు దగ్గర సంతాప సభ పెట్టారు. ఫ్లెక్సీ మీద ఆమె ఫోటో కింద "ప్రమాద రహిత సేవకు నిలువెత్తు నిదర్శనం" అని అచ్చు వేయించారు. మేనేజరు గారు మైకు పట్టుకుని, "ఆమె ఉన్నన్నాళ్లూ మన మిల్లులో చెప్పుకోదగ్గ ప్రమాదం జరగలేదు" అన్నారు. నా పక్కనే వదిన నిలబడి ఉంది. వదిన అంటే ఒకప్పుడు నా ఎదురు మిషను మీద పనిచేసిన ఆవిడ. ఆ మాట వినగానే తన కుడిచేతిని కొంగులోకి ఇంకాస్త లోపలికి దాచుకుంది. ఆ చేతికి రెండు వేళ్లు లేవు.

మిల్లులో నలుగురి ముందు నాకు గొంతు లేవదు. ఇంటికి వచ్చి, మోకరించి, లేచి, కలం తీశాను. అప్ప పిల్లలూ మనవలూ ఆ ఫ్లెక్సీ మాటే నిజమనుకోకూడదని రాస్తున్నాను.

మాది గోగునార మిల్లు. అందులో మందుల గది అంటే ఒక బల్ల, ఒక అలమర, ఒక మంచం. అప్ప అంటే మా వైపు అక్క; వయసుతో పని లేకుండా మిల్లంతటికీ ఆమె అప్పే. చదువు రాదు. నెలకోసారి వచ్చే డాక్టరు గారి చెయ్యి చూసి కట్టు కట్టడం నేర్చుకుంది. ఆమె దగ్గర ఒక పొడవాటి నోటుబుక్కు ఉండేది. మిల్లు రిజిస్టరు వేరు, అది సేఫ్టీ ఆఫీసరు గారిది. ఇది ఆమె సొంతంగా కొనుక్కున్నది. మిల్లులో ఎవరికి ఏది తగిలినా, తగలబోయి తప్పినా, అందులో ఎక్కాల్సిందే. ఆమెకు రాయడం రాదు కాబట్టి, పదో తరగతి పాసై చేతిరాత కుదురుగా ఉన్న పాపానికి నన్ను పిలిచేది. ఎక్కువగా అన్నం ముందు కూర్చున్నప్పుడే పిలిచేది.

గాయంతో వచ్చిన వాళ్ల గతి ఇంకా కష్టం. కడిగి, మందు రాసి, కట్టు సగం చుట్టేది. మిగతా చుట్ట చేతిలోనే పట్టుకుని, "ఇప్పుడు సెప్పు" అనేది. గొలుసు కట్టినట్టే, ఎటూ కదలడానికి లేదు.

"ఓలప్పా, ముందు ముడెయ్యే, సూపరవైజరు సూత్తన్నాడు."

"సూడనీ. ఆడికీ కళ్లున్నాయి గదా. ఎలగ తగిలింది?"

"సెయ్యి జారిందప్పా."

"సెయ్యి దానికదే జారదమ్మీ. ఏది జారించింది?"

ఆ ప్రశ్నకు జవాబు వచ్చేదాకా ముడి పడేది కాదు. అందుకే చాలామంది ఆడవాళ్లు చిన్న దెబ్బలకు ఆమె దగ్గరికి పోకుండా ఇంటికెళ్లి పసుపు పెట్టుకునేవారు. అది తెలిస్తే వాళ్ల ఇంటికే వచ్చేది.

ఒకసారి అప్పటి మేనేజరు గారు ఆఫీసు మెట్ల దగ్గర నూనె మీద జారి కూలబడ్డారు. దులుపుకుని, ఏం లేదు ఏం లేదు అంటూ లోపలికి వెళ్లిపోయారు. అప్ప నన్ను పిలిచి రాయమంది. "ఆయన ఏం లేదన్నారు కదప్పా, ఇదీ రాయాలా?" అన్నాను. "ఆయనకేటీ నేదు. నూనుంది గదా. ఎక్కడ్నించి కారిందో రాయి. నవ్వినోళ్లు ముగ్గురని కూడా రాయి, సాచ్చికం కావాలి" అంది. మర్నాడు మెట్ల పక్కనుంచి ఆ కారుతున్న డ్రమ్ము తీయించారు. నా అన్నం చల్లారిపోయిందన్న కోపంలో, ఆ డ్రమ్ము తీయించింది ఆమేనని అప్పుడు నాకు తోచనేలేదు.

ఆమెకు పడని మాట ఒకటుంది: అజాగ్రత్త. సేఫ్టీ ఆఫీసరు గారు తన రిజిస్టరులో ప్రతి ప్రమాదానికీ కారణం గడిలో ఆ మాటే రాసేవారు. చదువు రాని అప్పకు ఆ ఒక్క మాట రూపం తెలుసు. నా పేజీ మీద వేలు జరుపుకుంటూ వచ్చి ఎక్కడైనా అది కనిపిస్తే, "ఇది కొట్టీ. ఇది రాస్తే మరింకేటీ అడగరు" అనేది. కొట్టేసి మళ్లీ రాయాల్సి వచ్చేది.

ఇవన్నీ విసుగే గాని, అసలు గొడవ బోర్డుది. గేటు లోపల "ప్రమాదం లేని రోజులు" అని ఒక బోర్డు ఉంటుంది. రోజుకొక అంకె పెంచుతారు. వంద నిండితే అందరికీ స్టీలు క్యారియరు ఇస్తామన్నారు. ఎవరికైనా దెబ్బ తగిలినట్టు తెలిసిందా, సున్నా. ఇక దెబ్బలు తగలడం మానేశాయి, అంటే చెప్పడం మానేశారు. కాలి మీద బరువైన నార కట్ట పడిన ఒకామె నాలుగు రోజులు కుంటుకుంటూ పనిచేసి, పెరట్లో పడ్డానని చెప్పింది. అప్ప ఆ కాలు విప్పి చూసి, నేరుగా ఆఫీసుకు వెళ్లి చెప్పింది. ఎనభై చిల్లర మీద ఉన్న బోర్డు సున్నా అయింది. ఆ రోజు నుంచి మిల్లు బస్సులో ఆమెకు ఎవరూ సీటు ఉంచలేదు. ఖాళీ సీటు మీద సంచి పెట్టి, మనిషి వస్తుందనేవారు. నేనూ పెట్టాను. ఆమె కడ్డీ పట్టుకుని నిలబడి, "నిల్సుంటే కాళ్లకి మంచిదే" అనేది. ఆరు పదుల వయసు దగ్గరపడిన మనిషి.

ఇప్పుడు నా సంగతి. ఏడేళ్లుగా రాయనిది ఇదే.

అప్పట్లో నేను నారను మెత్తబరిచే మిషను మీద ఉండేదాన్ని. వరుసగా రోలర్లు తిరుగుతుంటాయి. నార కొస అందిస్తే అదే లాక్కుంటుంది. రోలర్ల ముందు చెయ్యి పోకుండా ఇనుప జాలీ ఉండాలి. నార చుట్టుకున్నప్పుడల్లా దాన్ని తీసి పెట్టడం ఆలస్యమని పీకేసి గోడకు ఆనించి ఉంచేవారు. మిల్లు ఇచ్చే గ్లౌజులు మగవాళ్ల కొలత, మా చేతులకు నిలవవు. నార వేళ్లను కోసేస్తుంది. అందుకని మేమంతా పాత చీర చింపి వేళ్లకు చుట్టి, మణికట్టు దగ్గర ముడి వేసుకునేవాళ్లం. ఒక మంగళవారం నా గుడ్డ కొస నారతో పాటు రోలరులోకి పోయింది. చెయ్యి వెంట పోయింది. ఆ రోజు ముడి సరిగా పడలేదు. గుడ్డ ఊడి పోయింది, చెయ్యి మిగిలింది. గోరొకటి లేచిపోయింది, అంతే.

బోర్డు మీద అప్పుడు తొంభై నాలుగు. బస్సులో సంచులు గుర్తొచ్చాయి. గోరు మీద కొంగు చుట్టుకుని ఊరుకున్నాను. అయితే దేవుడి దగ్గర ఊరుకోలేదు. మర్నాడు సాయంత్రం స్త్రీల ప్రార్థన కూటంలో లేచి సాక్ష్యం చెప్పాను. నా చెయ్యి ప్రభువు కాపాడాడని మైకులో చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. నా మనసు తేలికైంది. గురువారం పొద్దున్నే అప్ప నా మిషను దగ్గర నిలబడి ఉంది.

"ఏటే అమ్మీ, గుడిలో సాచ్చికం సెప్పినావట."

"ఎవరు సెప్పినారప్పా?"

"ఎవరు సెపితే నీకేటి? మైకులో సెప్పిన మాట మన పుస్తకంలో ఏల నేదు?"

"దేవుడికి సెప్పుకున్నానప్పా."

"ఆయనకి నువ్వు సెప్పకముందే తెలుసు. తెలీనోళ్లకి సెప్పాల. రేపు ఇదే రోలరులో ఇంకో ఆడగుంట సెయ్యి ఎడితే? ఆయనొచ్చి జాలీ బిగిస్తాడా?"

నేను ఏడ్చాను. వంద నిండటానికి ఇక నాలుగు రోజులే ఉందని, నా వల్ల పోయిందంటే ఈ ఆడవాళ్లు నన్ను బతకనివ్వరని, వంద నిండిన మర్నాడు నేనే రాస్తానని బతిమాలాను. అప్ప బోర్డు వైపు చూసింది. నా చేతి వైపు చూసింది. ఎవరి మాటా విననిది, నా మాట విన్నది. "నాలుగు రోజులే. అయిదో రోజు పుస్తకం నానే అట్టుకొస్తాను" అని వెళ్లిపోయింది.

మూడో రోజు వదిన చెయ్యి రోలరులోకి పోయింది. అదే రకం మిషను, అదే రకం గుడ్డ. ఆమె ముడి గట్టిగా పడింది.

వదినను విజయనగరం ఆసుపత్రికి పంపాక, సేఫ్టీ ఆఫీసరు గారు మమ్మల్ని వరుసగా నిలబెట్టి, "ఇంతకుముందు ఎవరికైనా ఇలా జరిగిందా?" అని అడిగారు. ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. "ఎప్పుడూ, ఎవరికీ జరగలేదు" అని రాసుకుని, కింద ఆ మాట రాశారు. అజాగ్రత్త. అప్ప నన్ను మందుల గదికి తీసుకెళ్లి పుస్తకం ముందు పెట్టింది. "ముందు నీది రాయి, తరవాత ఆమెది" అంది. దాచినందుకు పనిలోంచి తీసేస్తారని, నా వల్ల కాదని అన్నాను. ఆమె అరవలేదు. "అయితే ఒక పేజీ వదిలీ" అంది. ఒక పేజీ వదిలి, తరువాతి పేజీలో వదినది రాశాను.

వదిన బాగుపడి వచ్చాక ఊడ్చే పనిలో పెట్టారు. వాళ్లాయన కోపం వచ్చినప్పుడల్లా, "సెయ్యి సూసుకోడం రాని మనిసివి" అంటాడు. ఆమె తనే అందరితో, "నా అజాగ్రత్తేనమ్మా, ఎవుల్ననుకుంటాం" అంటుంది. ఆ మాట వింటూ ఏడేళ్లు ఆమె పక్కన కూర్చుని అన్నం తిన్నాను. తరువాత ఎప్పుడో వంద నిండింది, క్యారియర్లు ఇచ్చారు. నాది అటక మీద బోర్లించి ఉంది. గ్లౌజులు నేటికీ మగవాళ్ల కొలతే. మా ఆడవాళ్లు నేటికీ చీరలు చింపుతూనే ఉన్నారు.

ఇంతవరకు రాసి ఉంచాను. పెద్దకర్మ అయ్యాక అప్ప అమ్మాయి ఆ నోటుబుక్కు తెచ్చి నా చేతిలో పెట్టింది. "నీకిమ్మంది పిన్నీ. నువ్వేదో రాయాలట గదా" అంది. తెరిచాను. నేను వదిలిన పేజీ వదిలినట్టే ఉంది. అడుగున మాత్రం, సాక్షి వేలిముద్ర పెట్టే చోట, అప్ప బొటనవేలి ముద్ర ఉంది. ఎప్పుడు పెట్టిందో తెలియదు. రాయని మాటకు ముందే సాక్షిగా నిలబడిపోయింది. ఆ నాలుగు రోజులు నా ఒక్కదానివే కావని, తనవి కూడానని ఆ ముద్ర పెట్టినప్పుడు అనుకుని ఉంటుంది. ఒక్కసారి కూడా నాతో ఆ మాట అనలేదు. "రాసినావా" అనే అడిగింది.

ఆ ముద్ర పైన రాశాను. మంగళవారం, పొద్దుటి షిఫ్టు, జాలీ లేదు, గ్లౌజులు మగవాళ్ల కొలత, గుడ్డ రోలరులోకి పోయింది, నేను చెప్పలేదు. వదినది దీని తరువాత జరిగింది. అప్ప కొట్టించాల్సిన మాట అందులో ఒక్కటీ లేదు. నకలు ఒకటి ఆఫీసులో ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకున్నాను. ఏమంటారో ఇంకా తెలియదు.

ఆదివారం మధ్యాహ్నం పుస్తకం పట్టుకుని వదిన ఇంటికి వెళ్లాను. వాళ్లాయన కూడా అక్కడే మంచం మీద ఉన్నాడు. ఆ పేజీ పైకే చదివాను.

"ఏడేళ్లు పట్టిందేటే నీకు?" అంది వదిన.

"అవును వదినా."

"అప్పకి తెలుసా?"

"తెలుసు."

"నాతో సెప్పలేదే!"

"నా నోటితోనే సెప్పించాలని సూసింది."

"మళ్లీ సదువు. ఈయనకి ఇనపడినట్టు సదువు."

అప్ప పిల్లలారా, ఈ కాగితాలు మీ అమ్మ పెట్టెలో దాచండి. ఎవరికీ చూపించనక్కర్లేదు, ఇవి నా ఏడుపు, నా విసుగు. చూపించవలసినది ఆ ఒక్క పేజీ, అది చూపించేశాను. నేను రెండోసారి చదువుతుంటే ఫ్యాను గాలికి పేజీ మాటిమాటికీ లేచిపోతోంది. వదిన కొంగులోంచి కుడిచెయ్యి బయటికి తీసి, మిగిలిన వేళ్లు పరిచి, మీ అమ్మ ముద్ర పక్కనే పేజీని అదిమి పట్టుకుంది. నేను చదవడం అయిపోయినా ఆ చెయ్యి తీయలేదు.