గుట్ట మీది గడ్డితో నా వాదన

మొన్న, అనంతపురంలో నేను పాఠం చెప్పే కళాశాలలో, ఒక వ్యవస్థలో ఏదో ఒక్క విలువను కొద్దికొద్దిగా పెంచుతూ పోతే చాలాకాలం దాని నిలకడ చెక్కుచెదరనట్టే కనిపించి, ఒకానొక చోట ఆ నిలకడే ఉన్నట్టుండి మాయమవుతుందని నల్లబల్ల మీద వంపుగీత గీసి వివరిస్తుండగా, ఒక అమ్మాయి లేచి, పెంచినదాన్ని మళ్ళీ తగ్గిస్తే పాత స్థితి వచ్చేస్తుంది కదా మేడమ్ అని అడిగింది. నాకు ముదిగుబ్బ దగ్గరి మా గుట్ట గుర్తుకొచ్చింది.

ఆ గుట్ట మీదికి నలభైకి మించి గొర్రెలను తోలనిచ్చేది కాదు మా అవ్వ. ఎందుకని అడిగితే తన అత్త కాలం నుంచీ అంతేననేది. కళాశాల వాదోపవాద పోటీలలో ఆరితేరిన నాకు, కారణం చెప్పలేని నియమానికి తలవంచడం నీతిగా తోచేది కాదు. అప్పటికే నాయన అవ్వను బతిమాలి మరో పదింటిని చేర్చి ఉన్నాడు. గడ్డి కొంచెమే పలచబడింది. కాబట్టి ఇంకో పది చేరిస్తే ఇంకొంచెమే పలచబడుతుందని, సెలవులకు వచ్చిన నేను అన్నాల దగ్గర నిరూపించాను.

“చూడుమ్మా, నా బిడ్డ ప్లీడరు మాదిరి మాట్లాడ్తాండాది!” అని నాయన మురిసిపోయాడు.

“నోటితో గెలిచినావులే పాపా. గడ్డికి చెవులుండవు” అని అవ్వ నవ్వి, నాకు ఇంకో రాగిముద్ద పెట్టింది. ఆ వారమే మంద అరవై అయింది.

మరుసటి ఏడు వాన మామూలుగానే కురిసింది; గడ్డి మాత్రం మొలవలేదు. గొర్రెలు మొదళ్ళదాకా కొరికేయడంతో పట్టుతప్పిన మన్ను కొట్టుకుపోయి, నీరు ఇంకక, రాళ్ళు తేలాయి. నాయన హడలిపోయి మందను నలభైకి, ఆపై ముప్పైకి తగ్గించినా గుట్ట బోడిగానే ఉండిపోయింది. పోయిన గడ్డి తిరిగి రావాలంటే, అది పోయిన అంకె కన్నా చాలా కిందికి దిగాలని అప్పుడు మాకెవరికీ తెలియదు. చివరకు మందనంతా అమ్మేయక తప్పలేదు.

మంద వెళ్ళిపోయిన పొద్దున నేను తలెత్తలేక నిలబడితే, అవ్వే దగ్గరికి తీసుకుంది. “ఏడ్సద్దు. నాకు లెక్క తెలుసు గానీ కారణం తెల్దు. అది నువ్వు కనుక్కో పో” అనింది.

నేను కనుక్కునే సరికి, చెప్పుకోవడానికి అవ్వ లేదు. ఇన్నేళ్ళు ఖాళీగా వదిలిన గుట్ట ఇప్పుడు మళ్ళీ పచ్చబడింది. మోకాలెత్తు గడ్డి గాలికి వాలుతూ లేస్తూ ఉంటుంది. మేపడానికి మా ఇంట ఒక్క గొర్రె కూడా లేదు.