రివర్స్ లేని బండికి నాలుగు నిమ్మకాయలు

పోలీసు లేకుంట, సిగ్నల్ లేకుంట, ఊరవతల ఖాళీ జాగల ఒక్క ముసలోడు ట్రాఫిక్ జామ్ చేయగలడా అని ఎవరన్న అడిగితే నా దిక్కు చూపించుండ్రి. చేసిన. అదీ రేసు నడుస్తుండంగ చేసిన. చేతిల ఛాయ్ ఉంటే కింద పెట్టి చదువుండ్రి, వొలికితే నాది జిమ్మేదారి కాదు.

నాకు డ్రైవింగ్ ఎవ్వరూ నేర్పలేదు. లారీల క్లీనర్‌గ కూసొని, డ్రైవర్ కాళ్ల దిక్కు చూసి చూసి నేర్చుకున్న. తర్వాత కిషన్‌బాగ్‌ల సగం మందికి నేనే నేర్పిన. మిగిలిన సగం మంది వాళ్లను చూసి పక్కకు జరుగుడు నేర్చుకున్నరు. గసుంటి నాతోని, కొన్నేండ్ల కింద, నా మన్మరాలు మౌనిక అన్నది గదా:

"తాతా, నేను డ్రైవింగ్ స్కూల్ల చేరుతున్న."

"ఇంట్ల బావి పెట్టుకొని బోరు ఏయిస్తవా బిడ్డా?"

"నువ్వు స్టీరింగ్ కంటే హారన్‌నే ఎక్కువ పడతవు తాతా. గట్ల నాకొద్దు."

లొల్లి ముదిరి ఆఖరికి ఒక షరతుకు వచ్చినం. శంషాబాద్ దిక్కు గో-కార్ట్‌లని చిన్న రేసు బండ్లు నడిపే మైదానం ఉన్నది. ఆడ ఇద్దరం పోటీ పడాలె. నేను గెలిస్తే నా దగ్గరనే నేర్చుకుంటది, ఓడితే స్కూలుకు పోతది. ఒక జిందగీ ఇజ్జత్‌ను పందెంల పెట్టిన.

ఆడికి పోంగనే పందెమే మరిసిన. కొత్త ఇంజను కనపడితే నాకు ఇప్పటికీ గంతే. బండి నా మోకాలంత ఎత్తు లేదు. ఎక్కితే అన్నానికి పీట మీద కూసున్నట్టే ఉన్నది. టైర్లేమో నా నెత్తి లెక్క నున్నగ! వంగి కిందికి చూసిన, తట్టి చూసిన, మేనేజర్ ఇమ్రాన్ భాయ్ పానం తీసిన.

"గేరేది భాయ్?"

"ఉండదు చాచా."

"క్లచ్?"

"ఉండదు."

"హారన్?"

"అదీ లేదు."

"రివర్స్?"

"ఈడ ఎవ్వరూ ఎనకకు పోరు చాచా."

"మా గల్లీల గిట్ల అన్నీ ఊడిపోయిన బండిని పాతసామాను దుకాణంల ఏస్తరు. మీరు టికెట్ పెట్టి ఎక్కిస్తున్నరా?"

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నడపలేక హారన్ లేదంటున్నవ్," అని మౌనిక హెల్మెట్ల నుంచే నవ్వింది.

ఇగ అసలు సంగతి. కొత్త బండి ఏది నడిపినా ముందుగాల చక్రాల కింద నిమ్మకాయలు పెట్టకుంట నేను కదిలించలేదు. జేబుల నాలుగు తెచ్చుకున్న. ఇమ్రాన్ భాయ్ అటు తిరగంగనే నాలుగు చక్రాల కింద దోపిన.

మా ఇద్దరితోని ఇంకొంతమంది కూడ రేసుకు బండ్లెక్కిండ్రు. జెండా ఊపిండ్రు. తొక్కిన. లారీ కింద పడ్డ నిమ్మకాయ చట్నీ అయితది. ఇది లారీ కాదాయె! ముందు చక్రాలు ఎట్లనో దాటినయి గని, ఎనక నున్నటి టైర్లు రసంల సర్రున జారినయి. బండి బొంగరం లెక్క గిర్రున తిరిగి ఆగింది. మళ్ల తొక్కిన. దూసుకపోయిన. చూస్తే నా ముందట ఒక్క బండి లేదు! పక్కన ఇమ్రాన్ భాయ్ పసుపు జెండా ఊపుకుంట ఎగురుతున్నడు. మెచ్చుకుంటున్నడనుకొని నేనూ చెయ్యి ఊపిన.

మలుపు తిరగంగనే అందరూ నాకు ఎదురొస్తున్నరు.

ఒళ్లు మండింది. చదువుకున్నోళ్లు, ఇంతమంది ఒక్కపారే రాంగ్ రూట్లనా! హారన్ లేకపాయె, నోటితోనే "పాం! పాం!" అన్న. అందరూ బ్రేకులు తొక్కి అడ్డదిడ్డంగ ఆగిండ్రు.

పాతబస్తీల జామ్ అయినంక బండ్లనే కూసునేటోడు మనిషేనా, మీరే చెప్పుండ్రి. ఎవడో ఒకడు దిగాలె, చేతులు ఊపాలె. దిగిన.

"ఏయ్ ఎర్ర టోపీ, ఎనకకు తీయ్!"

"రివర్స్ నై హై చాచా!"

"సాకులు చెప్పకు! నువ్వు తమ్మీ, ఎడమకు తిప్పు! ఓ అమ్మా, జర ఆగు!"

"అమ్మా కాదు తాతా, నేను మౌనికను! ఇది రేసు!"

"రేసైతే ఏంది? ముందుగాల జామ్ తియ్యాలె!"

విచిత్రం ఏందంటే, అందరూ నా మాట విన్నరు. దిగి, బండ్ల తోకలు పట్టి ఎత్తి, నేను చూపించిన దిక్కుకే జరిపిండ్రు. దారి సాఫ్ అయినంక ఒక్కొక్కరినే పంపిన. సొంత మన్మరాలు గదా అని మౌనికను అందరికంటే ముందు పంపిన.

ఆమెనే గెలిచింది. రేసు అయిపోయేసరికి నేనింకా నడిమిట్ల నిలబడి చేతులు ఊపుతనే ఉన్న. ఇమ్రాన్ భాయ్ నలిగిన నిమ్మకాయ పట్టుకొని ఉరికొచ్చిండు.

"ఇదేంది చాచా?"

"షర్బత్ చేసుకో భాయ్," అన్న. ఇంకేమంట?

మౌనిక స్కూల్ల చేరింది, లైసెన్స్ తెచ్చుకున్నది. హారన్ ముట్టదు. ఇంట్ల అందరూ మెచ్చుకుంటుంటే నేను పేపర్ అడ్డం పెట్టుకొని కూసున్న. పేపర్ తలకిందులు ఉన్నదని మా ముసల్ది చెప్పేదాక నాకు తెల్వది.

గట్ల ఉండంగ ఒకనాడు పొద్దూకే యాళ్లకు ఫోన్ మోగింది.

"తాతా, మన గల్లీ మూల మీద ఉన్న. అటు నీళ్ల ట్యాంకర్, ఇటు పెండ్లి బ్యాండు, నడుమ నేను. స్కూల్ల ఇది నేర్పలే. జల్ది రా!"

చెప్పులు కూడ ఏసుకోకుంట ఉరికిన.

గందుకే మీ అందరి ముందు ఒట్టేసి చెప్తున్న. పానం పోయినా సరే, రివర్స్ లేనోణ్ని ఇంకోపారి ఎనకకు తీయ్ అనను. రివర్స్ ఉండి తియ్యనోణ్ని మాత్రం ఇడిచిపెట్ట. ఆ ట్యాంకరోణ్ని అడుగుండ్రి, చెప్తడు.