చెప్పుల చోటు

గోదారమ్మ మీద ఒట్టు, ఇందులో అక్షరం కూడా అబద్ధం లేదండి.

మొన్న పక్కింటి గోడకి సున్నం వేస్తుంటే, ఆ తడి వాసనకి కడియంలో మా నర్సరీ గుర్తొచ్చింది. ఒక వేసవిలో నాన్నకి ఉన్నట్టుండి క్రమశిక్షణ పట్టుకుంది. పనిముట్ల గది గోడకి మేకులు కొట్టి, ఒక్కో మేకు కింద కత్తెర, బొరిగె, అంటుకత్తి బొమ్మలు సున్నంతో గీశాడు. సాయంత్రానికల్లా ప్రతి వస్తువూ తన బొమ్మ మీదకి చేరాలి. బొరిగె ఎంత హడలిపోయిందంటే, మొక్కల మధ్య మరిచిపోయినా తనే నడిచొచ్చేది.

నాన్న మాత్రం చేరేవాడు కాదు. దీపాలు పెట్టే వేళకి పేకాట పాకలో ఉండేవాడు.

ఒకరోజు అమ్మ అదే సున్నంతో గుమ్మం ముందు ఆయన చెప్పుల బొమ్మ గీసింది.

"ఏంటే, నేనూ పనిముట్టునేనా?" అని నవ్వాడు నాన్న.

"పనిముట్టయితే ఇంటికొచ్చేవారండి."

బొమ్మ గీస్తే చెప్పులు వాటంతటవే వస్తాయనుకుని రోజూ గుమ్మంలో కాపలా కూర్చునేవాణ్ణి. కోళ్లు తొక్కి చెరిపిన గీతల్ని అమ్మ ముగ్గు దిద్దినంత శ్రద్ధగా దిద్దేది. కొన్నాళ్లకి మానేసింది. నాన్నకి క్రమం తెలియక కాదు, అందులో తనని కలుపుకోలేదంతేనని ఇప్పుడు తెలుస్తోంది.

అమ్మ మానేసిన సాయంత్రమే నాన్న వేళకి వచ్చి, "నా చోటేదే?" అని గుమ్మం ముందు వెతుక్కున్నాడు.

ఒట్టు వేశాను కాబట్టి చెప్పేస్తున్నాను. నాన్న వచ్చాడన్నదొక్కటే నేను కల్పించింది.