తాగుడు మానినవాళ్ళ కూటం

యుద్ధం నడుస్తున్న రోజుల్లో నేను చిత్తూరు బజారులో గుడ్డలు కుట్టేవాడిని. మా జిల్లాలో మద్యనిషేధంతో కొన్నేళ్ళు మూతబడి ఉన్న కల్లంగళ్ళు అప్పుడే మళ్ళీ తెరుచుకున్నాయి. అవి మూతబడిన కాలంలోనే దొంగసారా వెతుక్కుంటూ చెరకుతోటలు తిరిగిన మనిషిని, తెరిచాక ఇక ఆగుతానా? పొద్దున పూట చేతులు వణికేవి. సూదిలో దారం ఎక్కించడానికి నా భార్యను పిలిచేవాడిని. ఒకసారి ఒక గుమాస్తా చొక్కాకు రెండు చేతులూ ఎడమవైపువే కుట్టాను. ఆయన తొడుక్కుని చూసుకుని, కోప్పడాలో నవ్వాలో తేలక అలాగే వెళ్ళిపోయాడు.

కూటం సంగతి నా భార్యే తెలుసుకొచ్చింది. పూతలపట్టులో తాగుడు మానినవాళ్ళు ఆదివారం మధ్యాహ్నం ఒకచోట చేరతారని, ఎవరి కథ వాళ్ళు చెప్పుకోవడమే తప్ప ఒకరికొకరు బుద్ధులు చెప్పరని చింతపండు అమ్మే ఆమె చెప్పిందట. నా భార్య బతిమాలలేదు. ఉతికిన పంచె చేతికిచ్చి, "పోయి సూసొస్తే ఏం పోతాది" అని మాత్రం అంది.

ఆ రోజుల్లో బస్సులు బొగ్గుతో నడిచేవి. పూతలపట్టు చేరేలోపల మాది రెండుసార్లు ఆగింది. ఆగినప్పుడల్లా దిగి ఇంటికి నడిచిపోదామా అనిపించింది. చివరికి దిగాక, బోండాలు వేస్తున్న ఆయన్ని కూటం ఎక్కడని అడిగాను. ఏం కూటమో చెప్పడానికి నోరు రాలేదు. ఆయన జల్లిగరిటెతో ఎదురుగా ఉన్న పెంకుటిల్లు చూపించాడు.

వసారాలో చాపల మీద పదిహేనుమంది దాకా ఉన్నారు. నన్ను చూసి జరిగి చోటిచ్చారు, మజ్జిగ ఇచ్చారు. అందరూ తెల్లటి బట్టల్లో ఉన్నారు. తాగుడు మానితే మనుషులు ఇంత కళగా ఉంటారా అనుకున్నాను. తలపాగా చుట్టుకున్న ఒక పెద్దాయన, మనసులో ఏమున్నా ఇప్పుడే చెప్పేయమన్నాడు. ఎవరూ పలకలేదు. కొత్తవాడి కోసం ఆగారని నేనే లేచి నిలబడ్డాను.

"నేను తాగుబోతునప్పా. ఆరేండ్లుగా తాగతా ఉండాను. నా బిడ్డకు పేరు పెట్టిన దినం తాగి పడిపోయినాను. ఏం పేరు పెట్టినారో మరుసటి దినం నా పెండ్లాన్ని అడిగి తెలుసుకున్నాను."

తలపాగా పెద్దాయన ఎదుటి వరసవాళ్ళను, ఈయన మీకేమవుతాడని మెల్లగా అడిగాడు. మీ చుట్టమనుకున్నామే అన్నారు వాళ్ళు. అది పెళ్ళిమాటలు జరుగుతున్న ఇల్లు. ఆడపెళ్ళివాళ్ళు నన్ను మగపెళ్ళివాళ్ళ మనిషనుకున్నారు, వాళ్ళు నన్ను వీళ్ళ మనిషనుకున్నారు.

తలుపు వెనకనుంచి ఒక ముసలమ్మ నవ్వు వినిపించింది. దాంతో అందరూ నవ్వారు. ఎగతాళి లేని ఆ నవ్వులో నేనూ కలిశాను. తలపాగా పెద్దాయన పెళ్ళికూతురికి పెదనాయన. ఆయనే లేచి నా చెయ్యి పట్టుకుని, "నువ్వు పోవాల్సింది గానుగ కొట్టానికి. దా, నేను సూపిస్తా" అన్నాడు.

చెరకుతోటల గట్ల మీదుగా నడిచి బెల్లం వండే కొట్టం చేరుకున్నాం. లోపల ఏడుగురున్నారు. వాళ్ళకు పెద్ద, ఒకప్పుడు కల్లు గీసినవాడే. తాగి చెట్టెక్కి, పడి, కాలు విరిగినాక మానేశాడట. పెద్దాయన నన్ను దిగబెట్టి తిరిగి పోతాడనుకున్నాను. ఆయన తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుని నా పక్కనే కూర్చున్నాడు. వరస తన దాకా వచ్చేసరికి తల వంచుకుని చెప్పాడు.

"ఈ దోవ నాకు రెండేండ్లుగా తెలుసు. ఎన్నోతూర్లు ఆ గుమ్మం దాకా వచ్చి మళ్ళుకున్నాను. ఈ పొద్దు ఈయప్పను దిగబెట్టే సాకుతో లోపలికొచ్చినా."

ఎవరూ ఆశ్చర్యపోలేదు. కల్లు గీసినాయన మా ఇద్దరి చేతుల్లో వెచ్చటి బెల్లం ముద్దలు పెట్టాడు. మనసు కల్లంగడి వైపు లాగితే బెల్లం నోట్లో వేసుకోవడం అక్కడి పద్ధతి. మొదటి నెలలో నేను మానిన కల్లు కంటే తిన్న బెల్లమే ఎక్కువ.

మూడో వారం తప్పాను. అంగడి ముందునుంచి పోతూ లోపలికి పోయాను. ఆదివారం వెళ్ళి ఆ మాట చెప్పలేక గుమ్మం దగ్గరే నిలబడితే, "వచ్చినావు గదా, కూసో" అన్నాడు కల్లు గీసినాయన. అంతే. ఆ తర్వాత మళ్ళీ తప్పలేదు.

ఏడాది తిరిగాక కూటంలో తొమ్మిదిమందిమీ ఆడవాళ్ళతో కలిసి తిరుమలకు కాలినడకన ఎక్కాం. తలపాగా పెద్దాయనకు మోకాళ్ళ నొప్పులు. మెట్టు మెట్టుకీ కూర్చుని, తాగిన రోజుల్లో తాను చేసిన వెర్రి పనులు చెప్పి మమ్మల్ని నవ్వించాడు. ఆయన భార్య తనకు తెలియనివి కూడా ఉన్నాయని లెక్కపెట్టుకుంటూ వెనకే వచ్చింది. కొండమీద మగవాళ్ళమందరం గుండ్లు చేయించుకుని గంధం పూసుకుని ఎండలో కూర్చున్నాం. నా భార్య మా మధ్యకు వచ్చి, ఎవరు ఎవరో పోల్చలేక, ఒక్కొక్క ముఖంలోకి వంగి చూస్తూ పోయింది. నా దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆపుకోలేక నా పక్కనే చతికిలబడింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె అంతసేపు నవ్వడం అదే మొదటిసారి చూశాను.